కంటికి కనబడని పొగ

డీజిలు కారు గలవారి నోట నేడు తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "ఈజీఆర్ మూయించితిమి. అప్పటినుండి బండి తేలికగా లాగుచున్నది, పొగయు తగ్గినది" అని వారందురు. కారు ముందరి మూత యెత్తి, ఇంజను ప్రక్కనున్న యొక చిన్న వాల్వునకు పోవు త్రోవను ఇనుపరేకుతో మూసివేయుటకు, లేదా ఆ వాల్వునే యూడదీసి పాఱవేయుటకు వ్యవహారములో వచ్చిన పేరిది. పని గంటలో ముగియును. ఖర్చు స్వల్పము. పొగ తగ్గినదన్న మాటయు అబద్ధము గాదు. మఱి యిందు దోషమేమి?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే నేటి ప్రసంగము. నేను యంత్రములు విప్పి బిగించువాడను గాను. బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. అయినను ఈ విషయము తెలిసికొనుటకు గొప్ప యంత్రశాస్త్రము అక్కఱలేదు. పొయ్యి యెట్లు మండునో యెఱిగిన ప్రతివారికిని ఇది బోధపడును. ఇంటిలో కొడుకో మనుమడో కారు కొనునపుడును, పాతబండి బేరమాడునపుడును పెద్దలను సలహా యడుగుట మన గ్రామములలో నేటికిని మర్యాదగా నున్నది. ఆ సలహా చెప్పవలసిన పెద్దలకు ఉపయోగపడునని యెంచి ఈ మాటలు చెప్పుచున్నాను.

మొదట డీజిలు ఇంజను సంగతి. జర్మనుదేశస్థుడగు రుడాల్ఫ్ డీజిల్ 1897వ సంవత్సరమున ఆగ్స్‌బర్గు నగరమునందు తన ఇంజనును జయప్రదముగా నడిపి చూపెను. అందలి కీలకము ఒక్కటే. సిలిండరులోనికి వచ్చిన గాలిని పిస్టను గట్టిగా అదిమివేయును. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మనకందఱకు అనుభవమే. డీజిలు ఇంజనులో గాలి 16వ వంతునకో 17వ వంతునకో కుదించుకొనిపోయి, 500 సెంటీగ్రేడు డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ క్షణమున సన్నని తుంపరగా చిమ్మబడిన డీజిలు నూనె నిప్పురవ్వ అక్కఱలేకయే తనంతట తాను మండును.

కమ్మరి కొలిమిలో తిత్తి యూదినకొలది నిప్పు ప్రజ్వరిల్లును గదా. అట్లే ఇంజనులోనికి ఎంత హెచ్చుగా గాలి పోయిన అంత హెచ్చుగా నూనెను మండింపవచ్చును. అంత బలము వచ్చును. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యుషీ యనునతడు 1905లో ఇందుకొక ఉపాయము కనిపెట్టి పేటెంటు పొందెను. ఇంజను విడిచిన వేడిపొగ వృథాగా పోవుచున్నది గావున, ఆ పొగ వేగముతోనే యొక చిన్న చక్రమును త్రిప్పవలెను. అదే ఇరుసునకు రెండవ కొనయందు కూర్చిన మఱియొక చక్రము బయటిగాలిని అదిమి ఇంజనులోనికి త్రోయును. దీనినే మనము టర్బో యనుచున్నాము. కార్లలోని యీ చక్రము నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగగలదు. చిన్న ఇంజనునుండి పెద్ద బలము రాబట్టుట దీని ప్రయోజనము. నేడు మన రోడ్లమీద తిరుగు డీజిలు కార్లలో టర్బో లేనిది అరుదు.

ఇక గాలి సంగతి. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. నత్రజని మిక్కిలి సాధువు. మన పొయ్యిలోనికి ఎట్లు వచ్చునో, అట్లే ఏ మార్పును లేక తిరిగి పోవును. కాని మంట వేడిమి సుమారు 1500 డిగ్రీలు దాటిన తరువాత ఈ సాధువే స్వభావము మార్చుకొని ప్రాణవాయువుతో కలియ నారంభించును. అట్లు కలియగా పుట్టినవే నత్రజని ఆక్సైడులు. ఆకాశమున మెఱుపు మెఱసినపుడును ఇదే జరుగును. అప్పుడు పుట్టినవి వాననీటితో నేలకు దిగి పైరులకు కొంత ఎరువుగా నుపయోగపడును. కాని మేఘమండలమున పుట్టి వానలో కరగి నేల చేరునది వేఱు, వీథిలో మన ముక్కునకెదురుగా వెలువడునది వేఱు.

రష్యా శాస్త్రజ్ఞుడు యాకోవ్ జెల్డోవిచ్ 1940 ప్రాంతములలో ఈ కలయిక జరుగు తీరును వివరించెను. వేడిమి కొంచెము పెరిగినను ఈ వాయువుల పుట్టుక ఎన్నో రెట్లు పెరుగునని అందలి సారాంశము. టర్బో గల డీజిలు ఇంజనులో గాలి సమృద్ధి, వేడిమి మెండు. కావున ఈ వాయువులు పుట్టుటకు అంతకంటె అనుకూలమైన తావు లేదు.

ఇచ్చటనే యొక చిక్కు కలదు. దీనిని శ్రద్ధగా వినవలెనని కోరుచున్నాను. నూనె సరిగా మండనిచో నల్లని మసి పుట్టును. నూనె మిక్కిలి వేడిగా, సమృద్ధియైన గాలిలో మండినచో మసి తగ్గును గాని నత్రజని ఆక్సైడులు పుట్టును. ఈ రెండును త్రాసుతట్టల వంటివి. ఒకటి దిగిన రెండవది లేచును. మసి కంటికి కనబడును. నత్రజని ఆక్సైడులు కారు వెనుక గొట్టమునుండి వెలువడునపుడు కంటికి కనబడవు.

ఈ రెండవ తట్టను అదుపులో నుంచుటకు ఏర్పఱచినదే ఈజీఆర్ వాల్వు. ఎగ్జాస్టు గ్యాసు రీసర్క్యులేషను అను మూడు మాటల మొదటి యక్షరములతో ఏర్పడిన పేరిది. మండి వెలువడిన పొగలో కొంత భాగమును తిరిగి ఇంజనులోనికి పంపుట దీని పని. వెనుకటి దినములలో రాత్రి వంట ముగిసిన పిమ్మట మన యిండ్లలో నిప్పుపై నివురు గప్పి యుంచెడివారు. నిప్పు చావదు గాని పేట్రేగదు. ఒకసారి మండిన పొగలో ప్రాణవాయువు తక్కువ; బొగ్గుపులుసు వాయువు, నీటియావిరి యెక్కువ. అవి వేడిని పీల్చుకొనును. అట్టి పొగను చల్లార్చి క్రొత్తగాలిలో కలిపినపుడు, లోపలి మంట నివురు గప్పిన నిప్పు వలె నెమ్మదించును. మంట చల్లబడగానే నత్రజని ఆక్సైడులు తగ్గును. మామూలుగా సగము వఱకును, అనుకూలస్థితిలో అంతకు మించియు తగ్గును. ఆ త్రోవ నెంత తెఱవవలెనో ఎప్పుడు మూయవలెనో ఇంజనును నడుపు చిన్న కంప్యూటరు నిర్ణయించును.

ఈ పద్ధతి 1970వ దశకపు తొలి సంవత్సరములలో అమెరికా దేశపు పెట్రోలు కార్లలో ప్రవేశించినది. బండి మందగించినదని వాల్వు గొట్టములను ఊడదీసినవారు ఆ దినములలో అచ్చటను లేకపోలేదు. తరువాత డీజిలు కార్లకును ఇది వ్యాపించినది. మన దేశమున భారత్ స్టేజి యను పేర వాహనముల పొగకు హద్దులు ఏర్పడిన పిమ్మట ఇది డీజిలు కారులో తప్పనిసరి యంగమువంటిదైనది. డీజిలు కారు ఒక కిలోమీటరు నడచుటలో విడువదగిన నత్రజని ఆక్సైడులకు మూడవ స్టేజిలో హద్దు 0.50 గ్రాము. దేశమంతటను 2017 ఏప్రిలు 1వ తేదీన అమలైన నాలుగవ స్టేజిలో అది 0.25 గ్రాము. 2020 ఏప్రిలు 1వ తేదీన అమలైన ఆఱవ స్టేజిలో 0.08 గ్రాము. ఐదవ స్టేజిని విడిచి నాలుగింటినుండి ఆఱింటికే దాటినారు.

అర గ్రాము, పావు గ్రాము అనినపుడు ఇవి యెంతటివని తోచవచ్చును. బడిలెక్క యొకటి వేసి చూతము. ఒక కారు సంవత్సరమునకు 15,000 కిలోమీటర్లు తిరిగినదనుకొందము. కిలోమీటరునకు 0.25 గ్రాము చొప్పున మూడు కిలోల ముప్పాతిక యగును. అదే 0.08 చొప్పున ఒక కిలో రెండువందల గ్రాములు. వాల్వు మూసిన కారణమున మొదటి కారు రెట్టింపు విడిచినదనుకొన్నచో ఏడున్నర కిలోలు. ఒక తాలూకా పట్టణమున అట్టి కార్లు వేయి యున్నచో ఏడున్నర టన్నులు. వాయువునకు తూకము తక్కువ గావున, ఇన్ని కిలోల వాయువు ఎంత గాలిని పాడుచేయునో ఊహించుకొనుడు.

ఇంత యుపకారము చేయు వాల్వును జనులేల తీసివేయుచున్నారు? వారందఱు బుద్ధిహీనులని గాని దుర్మార్గులని గాని నేననను. వారి పక్షమునను న్యాయము కొంత కలదు. తిరిగి లోనికి పోవు పొగలో మసి యుండును. ఇంజను అడుగునుండి వచ్చు నూనె యావిరి ఆ మసితో కలిసి, తారువంటి జిగురుగా గాలిత్రోవ గోడలకును వాల్వునకును పట్టును. కొంతకాలమునకు వాల్వు ఇఱుక్కొనును. సగము తెఱచుకొని యిఱుక్కొన్నచో బండి లాగదు, నల్లపొగ విడుచును, నిలిపినచోట వణకును.

నా యొద్ద చదువుకొన్న యొకడు పట్టణమున కార్ల మరమ్మతు షెడ్డు నడుపుచున్నాడు. ఈ సంగతి యతని నడిగితిని.

"ఏమి నాయనా, ఈ వాల్వు మూయుమని నీ యొద్దకు వచ్చువారు కలరా?"

"వారమునకు ఇద్దఱు ముగ్గురు వత్తురు మాస్టారూ. అద్దెకార్లవారే యెక్కువ. క్రొత్త వాల్వు వేయవలెనన్న వేలకు వేలు కావలెను. బండి నిలిచిన దినమున బాడుగ పోవును గాని బ్యాంకు వాయిదా నిలువదు. రేకు బిగించినచో గంటలో బండి కదలును. వారి బాధ చూచినపుడు కాదనుట కష్టముగా నుండును."

"మఱి నీవేమి చేయుదువు?"

"వాల్వు విప్పి, మసి గీకి, మందుతో కడిగి మరల బిగింతును మాస్టారూ. పూటపని. చాలమట్టుకు దానితోనే బాగుపడును. కొందఱు ఒప్పుకొందురు. కొందఱు 'ప్రక్క షెడ్డులో మూసివేయుదురులే' యని లేచిపోవుదురు. పోయినవారు మరల వచ్చి, 'చూచితివా, పొగ పరీక్షలో కూడ నెగ్గినది' అని నాకే చెప్పుదురు."

ఆ కడపటి మాటయందే ఈ వ్యవహారమంతయు ఇమిడి యున్నది.

వాల్వు మూసినవారికి కలుగు లాభమెంతయో ముందు నిదానించి చూతము. బండి బలము పెరిగినదని వారి నమ్మకము. కాని యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కి, కొండయెక్కునట్టి సమయమున, కంప్యూటరు ఈ వాల్వును తానే మూసివేయును. కావున బాగుగానున్న వాల్వును తీసివేసినందున ఇంజనుయొక్క గరిష్ఠబలము పెరుగదు. నెమ్మదిగా పోవునపుడు కొంచెము చుఱుకుదనము కనబడవచ్చును. ఇఱుక్కొన్న వాల్వును తీసినపుడు కలిగిన హాయి, రోగము కుదిరినందున కలిగిన హాయియే గాని క్రొత్తగా వచ్చిన బలము గాదు. శుభ్రము చేసినను అదే హాయి కలుగును.

ఇక పొగ పరీక్ష. మన దేశమున డీజిలు బండ్లకు ధ్రువపత్రము నిచ్చునపుడు, బండిని నిలిపి యాక్సిలరేటరు త్రొక్కించి, వెలువడిన పొగ వెలుతురును ఎంత అడ్డగించునో కొలుతురు. అనగా పొగయొక్క నలుపును కొలుతురు. నత్రజని ఆక్సైడులకు నలుపు లేదు. కావున ఆ పరీక్ష వానిని చూడజాలదు. వాల్వు మూసినపుడు త్రాసులో మసితట్ట దిగును, రెండవ తట్ట లేచును. యజమానుడు వెనుక గొట్టము చూచి సంతోషించును. పరీక్షించినవాడు నలుపు తగ్గినదని పత్రమిచ్చును. ఇద్దఱును తాము చూచినంతవఱకు సత్యమే పలుకుదురు. కాని ఆ గొట్టమునుండి మునుపటికంటె హెచ్చుగా కనబడని విషవాయువు పోవుచునే యుండును.

మసి మంచిదని నా యభిప్రాయము గాదు. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునదని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనాసంస్థ 2012లో నిర్ణయించినది. అయితే ఒక కీడును తగ్గించితిమని చెప్పుచు దాని చోట మఱియొక కీడును పెంచుట బాగుచేయుట గాదు.

ఆ కీడెట్టిది? నత్రజని డయాక్సైడు ఊపిరిగొట్టములను ఒఱయును. ఉబ్బసము గలవారికి అది హెచ్చును. పసిపిల్లలకు శ్వాససంబంధమగు జబ్బులు సులభముగా సోకును. ఊపిరితిత్తులు పెరుగు వయస్సులో దీని వలన హాని యెక్కువ. ఘనమీటరు గాలిలో దీని సంవత్సరపు సగటు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించినది. మన దేశపు హద్దు 40. కారు వెనుక గొట్టము ఎంత యెత్తున నున్నదో యెప్పుడైన గమనించితిరా? పెద్దవాని మోకాలి క్రింద. రెండు మూడేండ్ల పిల్ల నిలుచున్నచో ఆ గొట్టమునకు దగ్గఱగా ఊపిరి పీల్చునది ఆ పిల్లయే. బడి విడుచువేళ గేటుముందు ఇంజను ఆపకుండ నిలుచు కార్లను చూచినపుడెల్ల నాకీ సంగతి జ్ఞాపకమునకు వచ్చును.

పట్టణమునకు దూరముగానున్న మనకేమి యని గ్రామవాసులనుకొనరాదు. ఈ వాయువుల చరిత్రలో మొదట మొఱపెట్టుకొన్నది పైరులే. 1940వ దశకమున అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమును ఒక విధమగు మంచువంటి పొగ క్రమ్ముకొనసాగెను. కండ్లు మండెడివి. చుట్టుప్రక్కల తోటలలో పాలకూర వంటి ఆకుకూరల ఆకులు వెండిపూత పూసినట్లై చెడిపోయెను. హాలెండు దేశమున పుట్టి అచ్చట రసాయనశాస్త్రాచార్యుడుగా నున్న ఆరీ హాగెన్‌స్మిట్ అనునాయన ఈ విషయమును పరిశోధించి, 1950 తరువాతి సంవత్సరములలో కారణము వెల్లడించెను. కార్లు విడిచిన నత్రజని ఆక్సైడులును, మండక మిగిలిన నూనెయావిరులును ఎండలో కలిసి ఓజోను అను వాయువును పుట్టించుచున్నవని ఆయన ప్రయోగపూర్వకముగా చూపెను.

మీది ఆకాశమున ఓజోను మనకు గొడుగువంటిది. నేలమీద మాత్రమది మనకును పైరులకును శత్రువు. ఆకుల సూక్ష్మరంధ్రముల గుండ లోనికి ప్రవేశించి, ఆకు ఆహారము తయారుచేయు శక్తిని తగ్గించును. గోధుమ, సోయా, పప్పుధాన్యములు దీనికి సులభముగా లొంగును. వరి కొంత యోర్చుకొనును. పట్టణపు వాయువులు గాలివాటున పోవుచు త్రోవలో ఎండతగిలి ఓజోనును పుట్టించును గనుక, పలుమాఱు నగరమధ్యమున కంటె దానికి దూరముగానున్న పొలములమీదనే ఓజోను హెచ్చుగా నుండును. అందుచేత రైతు తన పైరు ఆకుపై మచ్చ యెందుకు వచ్చినదో తెలియక మందు కొట్టుచుండగా, కారణము దూరపు రోడ్డుమీద నుండవచ్చును. మెండైన యెండ మన దేశమునకు వరము. ఈ యొక్క విషయమున మాత్రము ఆ యెండయే శత్రువునకు తోడగుచున్నది.

ఈ పనిని అవిద్యావంతుడగు మెకానికు మాత్రమే చేయుననుకొనుటయు సరిగాదు. జగత్ప్రసిద్ధమగు కంపెనీయే చేసిన కథ యొకటి కలదు. జర్మనీలోని ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన డీజిలు కార్ల కంప్యూటరులో నొక మాయవ్రాత ఇమిడ్చినది. పరీక్షశాలలో నున్నపుడు బండి ఆ సంగతి గ్రహించి నియమముగా నడచుకొనును. రోడ్డుమీదికి రాగానే నియమమును సడలించి నత్రజని ఆక్సైడులను విడిచివేయును. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయమువారు కొలతపరికరములను కారులోనే పెట్టుకొని రోడ్డుమీద నడిపి చూడగా 2014లో ఈ తేడా బయటపడినది. 2015 సెప్టెంబరు 18వ తేదీన అమెరికా పర్యావరణసంస్థ కంపెనీపై నేరము మోపినది. హద్దునకు 40 రెట్ల వఱకు విడుచుచున్నవని తేలినది. ప్రపంచమంతటను అట్టి కార్లు సుమారు 1 కోటి 10 లక్షలని కంపెనీయే యొప్పుకొన్నది. 2017లో అమెరికా న్యాయస్థానమున నేరము నంగీకరించి, ఒక్క నేరశిక్ష క్రిందనే 280 కోట్ల డాలర్లు చెల్లింపవలసి వచ్చెను. పరీక్షశాలలో మాత్రమే గాక రోడ్డుమీదను పొగను కొలిచి హద్దులో నుంచవలెనను నియమము మన దేశపు క్రొత్త కార్లకు 2023 ఏప్రిలు నుండి అమలైనది.

ఆ కంపెనీ చేసిన దానికిని మన షెడ్డులో జరుగుదానికిని పోలిక స్పష్టము. నేటి బండ్లలో రేకు బిగించినంతమాత్రమున పని తీరదు. లోనికి వచ్చుగాలిని కంప్యూటరు కొలుచుచుండును. లెక్క కుదరనిచో డ్రైవరు ఎదుట ఇంజను గుర్తుగల దీపము వెలుగును. కొన్ని బండ్లు బలము తగ్గించుకొని నడచును. అందుచేత కొందఱు కంప్యూటరులోని వ్రాతనే మార్చి, వాల్వు సంగతి పట్టించుకొనవద్దని దానికి నేర్పుదురు. 2020 తరువాతి బండ్లలో మసిని పట్టు జల్లెడయు, నత్రజని ఆక్సైడులను విఱుగగొట్టు ఉపకరణమును కలవు. ఇవియు వాల్వును ఒకే లెక్కమీద నడచును. ఒకదానిని తీసిన తక్కినవాని లెక్క తప్పును.

చట్టము సంగతియు తెలిసియుండవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా యజమానుడు బండిని మార్చరాదు. గాలి కాలుష్యపు ప్రమాణములను మీఱిన బండిని బహిరంగస్థలమున నడిపినను, నడుపనిచ్చినను 190వ సెక్షను క్రింద శిక్ష కలదు. 2019లో సవరించిన ప్రకారము మొదటి నేరమునకు మూడు నెలల వఱకు ఖైదు గాని, 10,000 రూపాయల వఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. మూడు నెలలు లైసెన్సు అర్హతయు పోవును. నలుపును మాత్రమే చూచు పరీక్షలో నెగ్గినంతనే చట్టమునందు నెగ్గినట్లు గాదు.

మఱి వాల్వు ఇఱుక్కొన్నవాడేమి చేయవలెను? ఉపాయములు కలవు.

మొదటిది, దోషము వాల్వుదేనా యని స్కానరు పెట్టించి తెలిసికొనవలెను. గాలిగొట్టము చిల్లిపడినను, గాలి ఫిల్టరు మూసికొనిపోయినను, నూనె చిమ్ము ఇంజెక్టరు చెడినను, టర్బో నూనె కార్చినను ఇవే లక్షణములు కనబడును. అట్టిచోట వాల్వు మూసిన రోగము లోపలనే యుండును. రెండవది, వాల్వును విప్పించి శుభ్రము చేయింపవలెను. వాల్వు మోటారు కాలిపోయినపుడో, పొగను చల్లార్చు పెట్టె చిల్లిపడినపుడో మాత్రమే క్రొత్తది కావలసియుండును. మూడవది, మసి పట్టకుండ జాగ్రత్తపడవలెను. బండిని ఎల్లప్పుడును ఊరిలోపలనే అడుగడుగునకు నిలుపుచు నడిపినచో మసి హెచ్చును. అప్పుడప్పుడు పెద్దరోడ్డుమీద ఇంజను పూర్తిగా వేడెక్కి అరగంట సమముగా నడచునట్లు చూడవలెను. నిలిపినచోట ఇంజను ఊరక తిరుగనీయరాదు. ఇంజను ఆయిలును కంపెనీ చెప్పిన రకమునే, చెప్పిన గడువునకే మార్చవలెను. ఈ మూడింటికిని అగు ఖర్చు, తరువాత వచ్చు ఖర్చుకంటె తక్కువ.

పాతబండి కొనువారు మఱియొక సంగతి చూడవలెను. తాళపుచెవి త్రిప్పగానే ఇంజను గుర్తు దీపము వెలిగి, ఇంజను కదలిన పిదప ఆఱిపోవలెను. మొదటనే వెలుగకున్నచో ఎవరో దానిని మూయించినారని సందేహింపవలెను. నమ్మకమైన మెకానికుచేత వాల్వు త్రోవలో రేకున్నదేమో, కంప్యూటరు వ్రాత మాఱినదేమో చూపించుకొన్న తరువాతనే బేరము తేల్చుకొనుట మంచిది.

ఒక్క కారుతో లోకము మునిగిపోవునా యని యడుగువారు ఉందురు. కాలువక్రింద సేద్యము చేయు పెద్దలకు ఈ ప్రశ్నకు జవాబు నేను చెప్పనక్కఱలేదు. తూమునకు తలుపెందుకు పెట్టిరో వారికి తెలియును. ఎగువనున్న యొకడు రాత్రివేళ ఆ తలుపెత్తి తన మడి నింపుకొన్నచో వానికి లాభమే; వాని పొలము పచ్చగానే యుండును. ఎండునది దిగువవాని పొలము. ఎత్తినవాడొక్కడే గదా యని ఊరు ఊరకున్నచో, మఱునాడు పదిమంది యెత్తుదురు. అందుచేతనే తూము తలుపును ముట్టుకొనరాదని మన పెద్దలు కట్టుబాటు చేసిరి. అది తన పొలమునకు అడ్డమని తలచినవాడును ఆ కట్టుబాటునకు లోబడెను. ఏలయన, తానును ఒకనాడు దిగువవాడు కావచ్చునని యెఱుగును.

ఇంజను ప్రక్కనున్న యీ చిన్న వాల్వు అట్టి తూముతలుపే. దానిని కొనినవాడు కారు యజమానుడు. దానివలన మేలు పొందువాడు రోడ్డుప్రక్క నడచుపిల్లవాడు, ఉబ్బసముతో అరుగుమీద కూర్చున్న ముసలివాడు, దూరమున పైరు పెట్టుకొన్న రైతు. వారెవ్వరును షెడ్డువద్ద బేరములో పాల్గొనరు. వారి తరఫున మాటాడవలసినవాడు ఇంటిపెద్ద. కావున మీ యింటి కుఱ్ఱవాడు "తాతా, ఆ వాల్వు మూయించుకొని వత్తును, బండి బాగుగా లాగును" అనినపుడు, "కడిగించుకొని రమ్ము నాయనా, మూయింపవలదు" అని చెప్పుడు. ఎందుకని యడిగినచో కనబడు పొగను, కనబడని పొగను గుఱించి చెప్పుడు. కడిగించుటకు పూటపని కూలి చాలదని వాడనినచో, ఆ కూలిలో కొంత మీరే యిచ్చి పంపుడు.